యుద్ధ విమానం రేటు వార్త చూసినప్పుడు లెక్క ఎలా కట్టుకోవాలి

2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చేస్తోంది అంటున్న రోజున మా బాబాయ్ వాళ్ళ చైన్ మిషన్ షెడ్లో పడుకుని ఉంది. నలుగురు కలిసి పాతిక లక్షల పైన పోసి కొన్న వరికోత మిషన్ అండి, క్యాబిన్, స్క్రీను, హంగులన్నీ ఉన్నాయి, లోపల డ్రమ్ము దగ్గర బేరింగ్ ఒక్కటి పోయింది. ఆ సైజు మా దగ్గర స్టాకు లేదండి, రెండ్రోజుల్లో తెప్పిస్తాం అన్నాడు షోరూమ్ అబ్బాయి. ఆ రెండ్రోజులు అయ్యేసరికి తుఫాను బాపట్ల దగ్గర తీరం కూడా దాటేసింది. ఈలోపు మా చేలు కోసింది ఎవరో తెల్సా, పక్కూరి నుంచి వచ్చిన ఓ డొక్కు మిషన్, పెయింటంతా పోయింది, డ్రైవరు సీటు మీద గోనెసంచి వేసుక్కూర్చున్నాడు, ఒక్క హెడ్‌లైట్‌తో తెల్లార్లూ కోస్తూనే ఉన్నాడు. గంటకి మామూలు రేటు మీద వెయ్యి ఎక్కువ అడిగాడు, ఇచ్చేశాం, ఎవరైనా నోరెత్తితే ఒట్టు.

ఇదెందుకు చెప్తున్నానంటే, మా సెంటర్లో టీ కొట్టు దగ్గర ఈమధ్య యుద్ధ విమానాల మీద చర్చ బాగా ఎక్కువైపోయింది. ఫ్రాన్స్‌వాడి రఫేల్ 1,600 కోట్లంట, అమెరికావాడి ఎఫ్-35 కొనాల్సిందంట, మన సొంత తేజస్ దండగంట, డ్రోన్లొచ్చాక విమానాలే దండగంట. మా మావయ్య అయితే పొద్దున్న లేవగానే ఓ వీడియో పంపిస్తాడు. నాకు చిన్నప్పట్నుంచి విమానాల పిచ్చి, కాబట్టి ఇలాంటి వార్త వచ్చినప్పుడు నేనెలా లెక్క వేసుకుంటానో రాస్తున్నాను. ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు, కౌలు లెక్క, మేత లెక్క వేసేవాళ్ళకి ఇది ఇంకా సులువు.

ముందుగా, వార్తలో రేటు కనపడగానే అది ఏ రేటో చూడండి. బండి కొనేటప్పుడు ఎక్స్ షోరూమ్ వేరు, ఆన్ రోడ్ వేరు, ఇక్కడా అంతే, కాకపోతే తేడా వేలల్లో కాదు వందల కోట్లలో ఉంటది. రఫేలే తీసుకోండి. 2016 సెప్టెంబర్లో 36 విమానాలకి సంతకం అయ్యింది, మొత్తం దగ్గర దగ్గర 59 వేల కోట్లు. 36తో భాగిస్తే ఒక్కోటి 1,640 కోట్లు పడింది. అదే ఏడాది నవంబర్లో గవర్నమెంటు లోక్‌సభలో చెప్పిన రేటు మాత్రం ఒక్కోటి సుమారు 670 కోట్లు. ఇది పట్టుకుని ఎలక్షన్ల టైమ్‌లో ఎంత గొడవ జరిగిందో గుర్తుంది కదా, టీవీలో ఒకాయన 670 అంటాడు ఇంకొకాయన 1,600 అంటాడు, నిజానికి రెండూ కరెక్టే, ఒకటి ఒట్టి విమానం, రెండోది సామానుతో సహా. అప్పట్లో పేపర్లలో వచ్చిన వివరం ప్రకారం 36 ఒట్టి విమానాలకి దాదాపు 340 కోట్ల యూరోలు, మనకి కావలసిన ప్రత్యేక మార్పులకి 170, స్పేర్లూ మిగతా సామగ్రికి 180, మిసైళ్ళు గట్రాకి 70, ఐదేళ్ళ మెయింటెనెన్స్ గ్యారంటీకి 35. ఆ మార్పులు ఏంటంటే, లేహ్ లాంటి ఎత్తు ప్రాంతంలో గడ్డకట్టే చలిలో కూడా ఇంజన్ స్టార్ట్ అవ్వడం, పైలట్ హెల్మెట్ అద్దంలోనే టార్గెట్ కనపడటం, ఇలాంటివి. అవి ఒకసారి చేయించుకుంటే 36కి చేసినా 100కి చేసినా డిజైన్ ఖర్చు పెద్దగా మారదు, మనం 36కే పంచుకున్నాం కాబట్టి తలకి ఎక్కువ పడింది.

ఈ పంచుకోవడం అనేది గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఖరీదైన విమానాల కథలన్నీ ఇక్కడే తిరుగుతాయి. రొయ్యల చెరువు తవ్వించి, కరెంటు లైను వేయించి, ఏరేటర్లు పెట్టి, ఒక్క పంటకే వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు ఎండగట్టేశాం అనుకోండి, తవ్వకం ఖర్చంతా ఆ ఒక్క పంట మీదే పడి కిలో రొయ్య ఎంత పడిందో లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. అమెరికా బి-2 బాంబర్‌కి అయ్యింది అదే. 132 చేద్దాం అనుకుని మొదలెట్టారు, సోవియట్ యూనియన్ పడిపోయింది, 21 దగ్గర ఆపేశారు, పరిశోధన ఖర్చంతా కలిపితే ఒక్కోటి 200 కోట్ల డాలర్లు దాటింది. ఎఫ్-22 కూడా అంతే, 750 అనుకున్నారు, యూనిట్లకి చేరినవి 187. కాబట్టి ఎవరైనా ప్రపంచంలోనే ఖరీదైన విమానం అని ఊదరగొడుతుంటే ముందు ఎన్ని చేశారో వెతకండి. అది ఖరీదైన విమానమా, తక్కువ చేసిన విమానమా అన్నది అక్కడే సగం తేలిపోద్ది.

రెండోది నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, వీడియోల్లో అసలు చెప్పనిది. పొద్దున్న ఆరింటికి సైరన్ మోగితే షెడ్లోంచి ఎన్ని బయటికొస్తాయి?

మన దగ్గర ఎక్కువగా ఉన్న పెద్ద ఫైటర్ సుఖోయ్-30, మొత్తం 272 ఆర్డర్ ఇచ్చాం. 2015లో గవర్నమెంటు లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్ట్ ఏం రాసిందంటే, వీటిలో ఎగరడానికి రెడీగా ఉండేవి 55 నుంచి 60 శాతమే, ఉండాల్సింది 75. అంటే నూటికి నలభై పైన ఏదో ఓ పార్టు కోసం, రిపేరు కోసం ఆగి ఉన్నట్టు. ఇది మనకే అనుకోకండి. ఎఫ్-35 గురించి అమెరికాలో లెక్కలు చూసే జీఏఓ అనే సంస్థ 2023లో రిపోర్ట్ ఇచ్చింది, ఆ ఏడాది మార్చి నాటికి పనికి రెడీగా ఉన్నవి 55 శాతం దగ్గరే ఉన్నాయంట, రిపేరు కోసం క్యూలో ఉన్న పార్టులే పది వేల పైన. వాళ్ళ దగ్గర డబ్బుకి లోటా? లేదు. పార్టు తయారయ్యేచోట, రిపేరు చేసేచోట చేతులు చాలట్లేదు, మా షోరూమ్ అబ్బాయి కథే.

2025 జూన్‌లో తిరువనంతపురం ఎయిర్‌పోర్టులో దిగిన బ్రిటిష్ ఎఫ్-35 గుర్తుందా, జూన్ 14న దిగింది, తర్వాత హైడ్రాలిక్స్‌లో ఫాల్ట్ వచ్చింది, ఇంగ్లండ్ నుంచి ఇంజనీర్లు దిగాల్సి వచ్చింది, జూలై 22న గానీ లేవలేదు. ఐదు వారాల పైన. కేరళ టూరిజం వాళ్ళు దాని మీద జోకేసి పోస్టర్ కూడా పెట్టారు. జోకు పక్కన పెడితే మనం చూడాల్సింది ఇంకోటి, అది చెడిపోయిందని విమానం చెత్త అనేయకూడదు, ఏ మిషన్ అయినా చెడుద్ది, కానీ దాన్ని బాగుచేసే మనిషి, పార్టు, టూలు ఎంత దూరంలో ఉన్నాయన్నది కూడా రేటులో భాగమే.

లెక్క ఇలా వేయండి. ఒకటి 1,000 కోట్ల విమానం, సగమే రెడీగా ఉంటాయి. అంటే రెడీగా ఉన్న ఒక్కో విమానానికి మీరు పెట్టింది 2,000 కోట్లు. ఇంకోటి 700 కోట్లది, 75 శాతం రెడీగా ఉంటది, అప్పుడు 933 కోట్లు పడుద్ది. చూపించిన రేట్లలో తేడా 300, అసలు తేడా వెయ్యి పైన. (ఈ రెండూ నేను ఊరికే వేసిన అంకెలు, ఏ విమానానివో వెతక్కండి.) రఫేల్ ఒప్పందంలో ఆ 35 కోట్ల యూరోల లైను చూసి చాలామంది ఇదేం దండగ అన్నారు గానీ, దానితో కంపెనీ మీద 75 శాతం రెడీగా ఉంచే బాధ్యత పెట్టారు, నా మటుకు నాకు ఆ ఒప్పందంలో బాగా నచ్చిన లైను అదే.

గంట ఖర్చు, అంటే నడిపే ఖర్చు గురించి ఎక్కువ సాగదీయను. ఎఫ్-35 మొత్తం కార్యక్రమానికి జీవితకాలంలో 2 లక్షల కోట్ల డాలర్ల పైన అవుద్దని జీఏఓ 2024లో లెక్క కట్టింది, అందులో కొనే ఖర్చు పావు వంతు కూడా లేదు, మిగతా ముప్పావు పైన మొత్తం నడిపే ఖర్చే. మిషన్ కొనేవాడికి డీజిలు, డ్రైవరు బేటా, బెల్టులు మర్చిపోతే ఏమవుద్దో తెలుసు కదా, అదే.

ఇప్పుడు పని సంగతి. మన డెల్టాలో సార్వా కోతలప్పుడు చేను తడిగా ఉంటే టైరు మిషన్ దింపగలరా, దిగబడిపోద్ది, చైన్ మిషనే కావాలి, రోడ్డు మీద చూస్తే చైన్ మిషన్‌ని దూరం నడపలేం, దాన్ని లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాలి. ఏది గొప్పది అంటే ఏం చెప్తాం? ఏ పని అని ఎదురు అడగాలి. వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం ఉంది చూశారా, పిల్లల్ని తీసుకెళ్ళి ఫోటోలు దిగుతాం కదా, అదే. నాలుగు ఇంజన్లు, పెద్ద పెద్ద ప్రొపెల్లర్లు, రాడార్‌కి తక్కువ కనపడే స్టెల్త్ లేదు ఏమీ లేదు, 1988 నుంచి 2017 దాకా మన నేవీలో పనిచేసి యాక్సిడెంట్ లేకుండా 30 వేల గంటలు ఎగిరింది ఆ విమానాల దళం. సముద్రం మీద గంటల తరబడి తిరిగి సబ్‌మెరైన్లని వెతకడం దాని పని, ఆ పనికి ఎఫ్-22ని పంపితే కాసేపటికి ఆయిల్ అయిపోయి వెనక్కొచ్చేస్తది.

కార్గిల్ ఇంకా మంచి ఉదాహరణ. 1999లో కొండల మీద బంకర్లని కొట్టాలి, మన విమానాలు లైన్ ఆఫ్ కంట్రోల్ దాటకూడదని ఆర్డరు. మొదట్లో ఎత్తులో గురి కుదరలేదు, భుజం మీంచి వదిలే మిసైళ్ళకి ఒక మిగ్-21, ఒక హెలికాప్టర్ కూలాయి, ఇంజన్ ఆగిపోయి ఒక మిగ్-27 కూడా పడిపోయింది. తర్వాత మిరాజ్-2000లకి లేజర్‌తో గురి చూపే ఇజ్రాయెల్ లైటెనింగ్ పాడ్ తగిలించి లేజర్ బాంబులు వేశారు, జూన్ 24న టైగర్ హిల్ మీద పడింది అలాంటిదే. మిరాజ్ మన దగ్గరికి వచ్చింది 1985లో, విమానం పాతదే, మారింది కింద తగిలించిన పాడ్. ఇంకో సంగతి, కార్గిల్‌లో వేసిన బాంబుల్లో లేజర్‌వి కొద్దే, ఎక్కువ మామూలు బాంబులే, కాకపోతే అవి ఎక్కడ వేస్తే సప్లై డిపో లేచిపోద్దో తెలుసుకుని వేశారు. కాబట్టి వార్తలో విమానం పేరు చూసి ఆగిపోకుండా కింద ఏం తగిలిస్తున్నారు, రాడార్ ఏంటి, మిసైల్ ఏంటి, ఆ మిసైళ్ళు ఎన్ని కొంటున్నారు అన్నది చదవండి. విమానం ఎంత గొప్పదైనా మిసైళ్ళు పది రోజులకి సరిపడానే ఉంటే పదకొండో రోజు ఏం చేస్తాం?

స్టెల్త్ గురించి జనం ఎక్కువ పొరపడతారు, కనపడకుండా మాయమైపోద్ది అనుకుంటారు. అలా కాదు. రాత్రి కొబ్బరి తోటలో టార్చ్ వేశారనుకోండి, వెలుగు మీ దగ్గర్నుంచి వెళ్తూ విచ్చుకుంటది, చెట్టుకి తగిలి వెనక్కొస్తూ మళ్ళీ విచ్చుకుంటది, అందుకని దూరం కొంచెం పెరిగినా కంటికి చేరేది బాగా తగ్గిపోద్ది. రాడార్ కూడా అంతే. దీనివల్ల ఒక విచిత్రం ఏంటంటే, విమానం రాడార్‌కి కనపడే దూరాన్ని సగానికి తగ్గించాలంటే దాని మీంచి వెనక్కెళ్ళే సిగ్నల్‌ని 16వ వంతుకి తగ్గించాలి, పదో వంతు దూరానికి తేవాలంటే 10,000వ వంతుకి. అందుకే అంత ఖర్చు, ప్రతి బోల్టూ, ప్రతి అంచూ, పైన పూత, ఆ పూతని ఎప్పటికప్పుడు సరిచేసే పని. ఇంతా చేసి 1999 మార్చి 27న సెర్బియావాళ్ళు అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ని 1960ల నాటి డిజైన్ మిసైల్‌తో పడగొట్టారు, విమానాలు రోజూ ఒకే దారిలో రావడం కూడా వాళ్ళకి కలిసొచ్చింది. దాంతో స్టెల్త్ పనికిరాదు అని తేల్చేయకండి, ఎదుటివాడికి తెలిసే టైమ్ తగ్గిపోవడం చాలా విలువైనదే, కానీ మీరు కొన్నది టైమ్, మాయ కాదు.

చెమ్మ గురించి కూడా ఒక ముక్క. మన దగ్గర చెరువు గట్టు మీద మోటారు స్టార్టర్ బాక్సులో చెమ్మ చేరి కాంటాక్టులు పట్టక ఏరేటర్ ఆగిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోవడం ఎంతమందికి అనుభవమో, 2008 ఫిబ్రవరి 23న గ్వామ్ దీవిలో బి-2 కూలిపోయింది అచ్చం అలాంటి కారణానికే. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్లలో చెమ్మ చేరింది, కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్ళింది, టేకాఫ్‌లోనే ముక్కు పైకెత్తేసి పడిపోయింది. పైలట్లు ఇద్దరూ బయటపడ్డారు, విమానం విలువ 140 కోట్ల డాలర్లు. మా ఆక్వా రైతులకి ఈ కథ చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు, సిలికా జెల్ పెట్టలేదా అని అడుగుతారు.

డ్రోన్ల లెక్కకి వద్దాం, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. షాహెద్ అనే ఇరాన్ డ్రోన్ ఒక్కోటి 20 వేల నుంచి 50 వేల డాలర్లు ఉంటదని అంచనా. దాన్ని పేట్రియాట్ కొత్త రకం మిసైల్‌తో కొడితే ఆ ఒక్క మిసైల్ 40 లక్షల డాలర్ల దగ్గర. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే, ఎదుటివాడు డ్రోన్లు పంపుతూ పోతే మన బ్రహ్మాస్త్రాలు అయిపోతాయి. అందుకే 2025 మేలో పాకిస్తాన్ వైపు నుంచి వందల్లో డ్రోన్లు వచ్చినప్పుడు మన ఆర్మీ ఎల్-70, జు-23, షిల్కా లాంటి పాత గన్నులు కూడా దింపింది. ఎల్-70 తుపాకీలు 1960ల నాటివి, రాడార్లు, కెమెరాలు కొత్తవి పెట్టి వాడుతున్నాం. తూటా ఖర్చు డ్రోన్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

అయితే ఇక్కడే వీడియోవాళ్ళు ఒక తప్పు చేస్తారు. డ్రోన్ రేటుని మిసైల్ రేటుతో పోల్చి ఊరుకుంటారు. పోల్చాల్సింది ఆ డ్రోన్ పడబోయే చోటు రేటుతో కూడా. కాకినాడ పోర్టులో ఆయిల్ ట్యాంకుల మీదకి 20 వేల డాలర్ల డ్రోన్ వస్తుంటే 40 లక్షల డాలర్ల మిసైల్ వదలడం దండగా? నేనైతే వదలమంటాను. ఖాళీ ఇసుక తిన్నె మీదకి వెళ్తుంటే వదిలేయమంటాను.

ఎన్ని కూలాయి, ఎవరు కూల్చారు అన్న వాదనల్లో దిగకండి, రెండు వైపులా చెప్పేవి వేరేగా ఉంటాయి. మే యుద్ధం తర్వాత అప్పట్లో మన సీడీఎస్, అంటే మూడు దళాలకీ కలిపి ఉండే అధిపతి, అనిల్ చౌహాన్ గారు సింగపూర్‌లో నష్టాలు జరిగాయని ఒప్పుకున్నారు గానీ సంఖ్య చెప్పలేదు, ఎందుకు కూలాయి, తర్వాత ఏం సరిదిద్దుకున్నాం అన్నదే ముఖ్యం అన్న అర్థంలో మాట్లాడారు. ఒక్క ఘటన చూసి ఈ విమానం తోపు, ఆ విమానం తుస్సు అని తేల్చేసేవాళ్ళు పైలట్ ట్రైనింగ్, గాల్లో రాడార్ విమానం, డేటా లింకు, ఆ రోజుటి ఆర్డర్లు, ఇవన్నీ సున్నా కింద వేసేస్తారు.

ఇంకోటి, వార్త ఏ స్టేజిలో ఉందో చూడండి. ఓకే చేశారు అంటే కొన్నారు అని కాదు. 126 ఫైటర్ల కోసం 2007లో టెండర్ పిలిచాం, ఆరు కంపెనీలు వచ్చాయి, 2012 జనవరిలో రఫేల్ ఎల్-1గా, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినదిగా తేలింది, 2015లో ఆ టెండరే పోయి 36కి దిగాం. ఎనిమిదేళ్ళు. ఈలోపు మిగ్-21లు పాతబడుతూనే ఉన్నాయి, చివరికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాటికి వీడ్కోలు చెప్పేసరికి మన స్క్వాడ్రన్లు, అంటే ఫైటర్ దళాలు 29కి వచ్చాయి, ఉండాల్సింది 42. రాని గొప్ప విమానం కంటే వచ్చిన మామూలు విమానం ఎంతో కొంత పనికొస్తది కదా, గోనెసంచి సీటు మిషన్ లాగా.

ఇప్పుడు ఇదంతా ఒక వార్త మీద పెట్టి చూద్దాం. 2025 సెప్టెంబర్ 25న 97 తేజస్ మార్క్-1ఏ విమానాలకి 62,370 కోట్లతో ఒప్పందం. భాగిస్తే ఒక్కోటి 643 కోట్లు. 2021లో 83కి సుమారు 48 వేల కోట్లు, అంటే 578. అరే పెరిగిందే అని అరవకముందు చూడాల్సినవి: ఈ రేటులో పన్నులు లేవు, సామగ్రి కలిసి ఉంది, 97లో 29 రెండు సీట్లవి, 83లో అవి 10 మాత్రమే. రెడీగా ఎన్ని ఉంటాయో ఇప్పుడే చెప్పలేం, కానీ పార్టులు, రిపేరు మన దేశంలోనే కాబట్టి నాకు కొంచెం నమ్మకం ఉంది. స్టేజి చూస్తే మాత్రం నమ్మకం తగ్గుద్ది. ముందు 83 రావడం 2024 ఆరంభంలో మొదలవ్వాల్సింది, ఇంజన్ అమెరికా జీఈ కంపెనీది, 99 ఇంజన్లకి 2021లో ఆర్డర్ ఇస్తే మొదటిది చేతికొచ్చింది 2025 మార్చిలో. మన సొంత కావేరి ఇంజన్ 1989లో శాంక్షన్ అయ్యింది, ఫైటర్‌కి పెట్టేంత తోపుడు రాలేదు. కాబట్టి తేజస్ మీద నా మార్కులు: రేటుకి పర్లేదు, పనికి బాగానే ఉంది, బేరింగ్ దగ్గర ఆగింది.

ఈ లెక్కంతా మొన్న టీ కొట్టు దగ్గర మావయ్యకి అరగంట చెప్పాను. బుద్ధిగా విన్నాడు, మధ్యలో రెండుసార్లు ఆయ్ ఆయ్ అన్నాడు కూడా. మర్నాడు పొద్దున్న మళ్ళీ వీడియో వచ్చింది, ఆరో తరం విమానం, నల్లగా గబ్బిలంలా ఉంది. నేను వెంటనే ఫోన్ చేసి, మావయ్యా, ఇందులో ఆయుధాలు కలిపిన రేటా ఒట్టి రేటా, ఎన్ని చేస్తారంట, గంటకెంతంట అని అడిగాను.

"ఏమోరా, నేను సౌండ్ పెట్టలేదు. బొమ్మ బాగుందని పంపాను."